పలకని కన్నం

గట్టు కింది కన్నాన్ని చుంచెలుక ఓ పందికొక్కు దగ్గర అద్దెకు తీసుకుంది. బదులుగా ప్రతి కోతకీ వేరుశెనక్కాయలు ఇవ్వాలి. ఈ ఏడు వానల్లేక కాయలు దొరకలేదు.

పందికొక్కు గుమ్మం ముందుకొచ్చి పిలిచింది.

"పలకవయ్యా, గడువడుగుదాం," అంది చుంచెలుక పెళ్ళాం.

"నోర్మూసుకోవే! ఇంట్లో లేమనుకుని పోతాడు," అంది చుంచెలుక.

మళ్ళీ వచ్చినప్పుడూ అంతే.

ఆ గట్టున పలకని కన్నం ఖాళీ కన్నం కిందే లెక్క. ఒక ఉదయం ముళ్ళపంది వచ్చి గుమ్మం వెడల్పు చేయసాగింది.

"మేమున్నాం!" అని అరిచింది చుంచెలుక.

పక్కనే ఉన్న పందికొక్కు నొచ్చుకుంది. "ఉన్నారట్రా! మొదట్లోనే పలికుంటే సగం కాయలే వచ్చే కోతకి ఇమ్మనేవాణ్ణి కదా. నిన్ననే కన్నం ఈ ముళ్ళపందికిస్తానని మాటిచ్చేశాను."

పెళ్ళాం పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని ఎండలోకి మోసింది.