కొండ వెనక ఆకాశం

"గెడ్డ దాటమంటారా, ఉండిపోమంటారా? వేగిరం చెప్పండి" అంది దేవిశ్రీ ఫోన్‌లో. "కొండ మీద నల్లగా కమ్ముకొచ్చేసింది. పెదబాబు ఆటో ఆపేసి మీ మాట కోసమే చూస్తన్నాడు."

చోడవరంలో, కాలేజీ ఆఫీసులో తన సీట్లో కూర్చున్న సూర్యతేజ కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ మాడ్చేస్తోంది. పుట్టింటికి వెళ్ళిన భార్య దేవిశ్రీ, కూతురు మహతిని తీసుకుని తిరుగు ప్రయాణంలో ఉంది. ఆ పుట్టిల్లు మాడుగుల అవతల కొండవార ఊరు, ఈతగరువు. ఊరు దాటగానే గెడ్డ, కొండ మీంచి దిగే వాగు. దాని మీద పిట్టగోడైనా లేని నేలబారు కాజ్‌వే. రేపు పొద్దున్నే మహతికి పరీక్ష.

"లైన్లో ఉండు. రాడార్ చూసి చెప్తాను."

రాడార్ చూడనిదే సూర్యతేజ గడప దాటడు. చుట్టాల్లో ఎవరు పందిరి వెయ్యాలన్నా, వరి కొయ్యాలన్నా ముందు అతనికే ఫోన్ చేస్తారు. ఫోన్‌లో ఆ వాతావరణం యాప్ పెట్టుకున్న దగ్గర్నుంచీ మనవాడికి వరుణదేవుడితో నేరుగా మాటలున్నట్టే లెక్క.

యాప్ తెరవగానే రోజూలాగే అడ్డంగా ఒక ప్రశ్న వచ్చింది. 'మీ ఊరి చుట్టుపక్కల వాన గానీ, నల్లమబ్బు గానీ ఉందా?' దానికి జవాబు చెప్పందే మ్యాప్ కనపడదు. సూర్యతేజ మరోసారి కిటికీ వైపు చూసి, విసుగ్గా 'లేదు' అని నొక్కాడు. మ్యాప్ వచ్చింది. సముద్రం మీద ఎక్కడో చిన్న పచ్చ మచ్చ. మాడుగుల, కొండలు, ఈతగరువు అన్నీ కడిగిన పళ్ళెంలా ఉన్నాయి.

"చినుకు లేదు. వచ్చీండి."

"కళ్ళెదురుగా నల్లగా కనపడతంటే లేదంటారేటండీ?"

"నీ కళ్ళెక్కువా, రాడార్ ఎక్కువా? ఊరికే పెట్టేరా విశాఖపట్నంలో దాన్ని? ఫోన్ పెదబాబుకియ్యి."

పెదబాబు లైన్లోకి వచ్చాడు. ఈతగరువులో ఉన్న ఒకే ఒక్క ఆటో అతనిది. "నాకైతే ఏటీ తెలతం లేదు బాబూ. మీ ఫోను ఏటంటే అదే."

"దాటీ పెదబాబూ. ఏటీ కాదు. నా పూచీ."

ఫోన్ పెట్టేశాక ఎదురు సీటు గౌరీశంకర్ నవ్వాడు. సూర్యతేజ కుర్చీకి తగిలించిన పసుపు గొడుగు చూపించి, "వాన లేదని ఊరందరికీ చెప్తావు, నువ్వు మాత్రం గొడుగు మర్చిపోవు" అన్నాడు.

"ఇది ఎండకిరా. యాప్ వాళ్ళు ఫ్రీగా ఇచ్చేరు. కొండవార ఊళ్ళ వాళ్ళకే ఇస్తామంటే యాప్‌లో నా ఊరని అత్తారి ఊరి పేరు ఇచ్చేను. తెలివుండాలి!"

టీ తాగి వచ్చి కూర్చున్నాడో లేదో, ఎవరిదో కొత్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. దేవిశ్రీ గొంతే, కానీ గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది.

"గెడ్డ ఒక్కసారే వచ్చేసిందండి. ఆటో గట్టు దిగి నాలుగు గజాలు వెళ్ళిందంతే. పాపని, నన్ను ఒడ్డుకి తోసేసేడు పెదబాబు. ఆటోతో పాటు అతను..."

"దేవీ! పాపకి ఎలాగుంది?"

"పాప ఉంది. పెదబాబు కనపడతం లేదు. వాళ్ళావిడ రాజ్యం గట్టెంబడి పరిగెడతంది." కాసేపు ఏడుపు. తర్వాత చిన్నగా, "మీరు వాన లేదన్నారు కదండీ" అంది.

సూర్యతేజ కుర్చీ తోసేసి బయటికి పరిగెత్తాడు. గౌరీశంకరే బండి తీసి వెనక ఎక్కించుకున్నాడు. దారిపొడుగునా చెరుకు తోటల మీద ఎండ ఫెళ్ళున కాస్తూనే ఉంది. ఈ ఎండలో వరదేమిటి? రాడార్ అబద్ధమాడుతుందా? భయం కోపమైంది. మళ్ళీ దేవిశ్రీ చేస్తుందేమోనని తన ఫోన్ ఖాళీగా ఉంచి, గౌరీశంకర్ జేబులోంచి అతని ఫోన్ లాగి, యాప్ కంపెనీ నంబర్‌కి కొట్టాడు.

"ఈతగరువులో మనిషి కొట్టుకుపోయేడు! మీ మ్యాప్‌లో చుక్క వాన లేదు! మీ రాడార్‌కి కళ్ళు పోయేయా?"

అవతల ఆడపిల్ల గొంతు. "అయ్యో! సార్, అక్కడ రాడార్‌కి నిజంగానే కనపడదండి. దాని కిరణం తిన్నగా వెళ్తుంది. మధ్యలో కొండ అడ్డొస్తే వెనకాల ఏం జరుగుతోందో దానికి తెలీదు."

"తెలీకపోతే తెలీదని చూపించాలి! ఖాళీగా ఎందుకు చూపించేరు?"

"మామూలుగా అలాంటి చోట బూడిదరంగు గీతలు ఉంటాయండి, మాకు తెలీదని. ఆ ఊళ్ళో మనిషి ఎవరైనా వాన, మబ్బు లేవని చెప్తే అప్పుడు గీతలు తీసేస్తాం. ఈతగరువు నుంచి ఇందాకే చెప్పారు, ఏమీ లేదని."

సూర్యతేజ అరిచాడు. "ఎవడు వాడు? కళ్ళెదురుగా కొండంతా నల్లగా ఉంటే లేదని చెప్పినవాడు ఎవడు? పేరు చెప్పండి, వాణ్ణి ఆ గెడ్డలోనే తొక్కేస్తాను!"

"తప్పు చెప్పే మనిషి కాదండీ, ఒక్కరోజు కూడా మానకుండా చెప్తారు" అంది ఆ అమ్మాయి నొచ్చుకుంటూ. "సూర్యతేజ గారని, ఆ ఊరాయనే. కిందటేడు మేమే ఆయనకి పసుపు గొడుగు కూడా పంపించాం."