ఊదారంగు గీతలు

బందరులో బస్సెక్కింది మొదలు గుడివాడలో దిగేదాకా జలాలుద్దీన్ డాక్టర్ని తిడుతూనే ఉన్నాడు.

పక్కన కూర్చున్న అతని భార్య మహమూదాకి మాట కలపడానికీ ఊపిరి చాలదు. నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఉప్పెన వచ్చిన మరుసటేడు ఆమెకి రొమ్ములో గడ్డ కోసి తీసేశారు. తర్వాత పెద్దాసుపత్రిలో నెలన్నరపాటు ఛాతీకి కరెంటు, అంటే మెషీనుతో కిరణాలు, పెట్టారు. మధ్యలో పండక్కి ఓసారి ఇంటికొచ్చింది తప్ప అన్నాళ్లూ అక్కడే ఉంది. గడ్డ మళ్లీ రాలేదు. గండం గడిచిందనుకున్నారంతా. ఆర్నెల్లు తిరక్కుండా పొడిదగ్గు పట్టుకుంది.

అత్తగారు చాంద్ బీ వైద్యం చదవలేదు గాని, తీర్పు చెప్పడంలో ఆలస్యం చేసే మనిషి కాదు. క్షయ అని తేల్చేసింది. మహమూదాకి గ్లాసు వేరు, కంచం వేరు, చాప వసారాలోకి. మూడేళ్ల కూతుర్ని దగ్గరికి పోనివ్వడం మానేశారు. పిల్ల గుమ్మం లోపల నిలబడి అమ్మీ అని పిలుస్తుంటే మహమూదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వసారాలోంచే పలికేది.

జలాలుద్దీన్‌కి తిక్క రేగింది మాత్రం కృపావతిని చూశాక. ఆవిడ దివిసీమలో బడిపంతులమ్మ. ఇదే జబ్బు, అదే ఆసుపత్రి, అవే రోజులు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని వంతు కోసం ఎదురుచూసేవాళ్లు. ఆ కృపావతి మొన్న బందరు చర్చిలో నిలబడి గొంతెత్తి పాట పాడింది. ఆపైన వీళ్లింటిదాకా నడిచొచ్చి మహమూదాని పలకరించి వెళ్లింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

"ఆవిడకి కొత్త మెషీను, నీకు పాతది," అన్నాడు జలాలుద్దీన్. "అద్దకం పనివాడి పెళ్లామేగా, ఎవరడుగుతారని."

మహమూదాకీ అదే నిజమనిపించింది. పరాయి మగాడి ముందు పైట తీయడమంటే ఆమెకి ప్రాణం పోయినంత పనైంది. డాక్టరు కరెంటు పడాల్సిన చోటికి గుర్తుగా ఊదారంగు సిరాతో ఛాతీ మీద గీతలు గీస్తుంటే, జలాలుద్దీన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకోసారి ఇది చూడలేనంటూ ఆ పూట అన్నం ముట్టలేదు. అంత సిగ్గు చంపుకుని, నమ్మి ఒళ్లు అప్పగిస్తే చేసింది ఇదా?

ఆ గీతలు గీసిన డాక్టరు నరసింహం గారు ఆదివారాలు గుడివాడలో చూస్తారు. ఎక్స్‌రే ఫిల్ము ఆయన చేతికిచ్చి మహమూదా ఒక్కటే అడిగింది.

"నా బిడ్డని ఎత్తుకోవచ్చాండీ?"

ఆయన ఫిల్ముని వెలుతురుకి పెట్టి చూశారు. "నిక్షేపంగా ఎత్తుకోమ్మా. ఇది క్షయ కాదు."

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరేంటండీ ఇది?" అన్నాడు జలాలుద్దీన్, నల్లరంగు దిగిన వేలితో ఫిల్ము మీది తెల్లమచ్చని చూపిస్తూ.

"దాని అంచు చూశావా, ఎంత తిన్నగా ఉందో? ఏ రోగమూ ఇలా గీసినట్టు రాదు. ఇది కరెంటు చేసిన పనే. బాగున్న ఊపిరితిత్తి గట్టిపడిపోయింది."

"కృపావతి గారికి కొత్తది పెట్టి, ఈమెకి పాత మెషీను పెడితే గట్టిపడదూ?"

"పాతదైతే పైన తోలు కాలేది. కంటికి కనపడేది. అది మానేసి చాలా కాలమైంది. మీ ఆవిడకీ, కృపావతి గారికీ పెట్టింది ఒకటే కోబాల్టు మెషీను. ఇది పైకి అంతగా తెలియనివ్వదు, లోతుకి వెళ్తుంది. అందుకే గీత ముఖ్యం. గీత ఉండాల్సిన చోట ఉంటే ఊపిరితిత్తికి అంచున కొంచెమే తగులుతుంది. ఇక్కడ అంగుళం పైనే జరిగింది."

ఆయన మహమూదా వైపు తిరిగారు. "మధ్యలో గీతలు చెరిగాయామ్మా? నీళ్లేమైనా తగిలాయా?"

ఆమె నోరు తెరిచింది. దగ్గు ముంచుకొచ్చింది.

"చుక్క నీళ్లు తగలనివ్వలేదండి," అన్నాడు జలాలుద్దీన్. "మీరు గీసినవి గీసినట్టే ఉన్నాయి."

"రోజూ పడుకోబెట్టేది నర్సమ్మ. గీసేది మాత్రం నేనొక్కణ్ణే, ఇంకెవరినీ ముట్టుకోనివ్వను. వారం వారం చూసేవాణ్ణి కూడా. అంత తిన్నగా ఉన్నాయి, నాకు అనుమానం రాలేదు."

"అయితే తప్పు మీదేగా? నేను దుప్పట్లకి అంచులు వేస్తానండి. ఒక్క అంచు పక్కకి జరిగితే షావుకారు మొహాన కొడతాడు. మనిషి మీద గీసేటప్పుడు ఆ మాత్రం చూసుకోవద్దా?"

డాక్టరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ముఖం చిన్నబోయింది.

"నా చెయ్యే తప్పి ఉంటుంది," అన్నారు. "దగ్గుకి మందిస్తాను. కానీ గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదు. నన్ను క్షమించమ్మా."

"విన్నావా?" అన్నాడు జలాలుద్దీన్ భార్యతో.

మహమూదా అంతా విన్నది. దగ్గు తగ్గాక కూడా కాసేపు ఆగి చూసింది, ఇంకో మాట వస్తుందేమోనని. రాలేదు. ఇంతగా నమ్మిన మనిషి ఇంత మోసం చేశాడా అని గుండె మండిపోయింది.

నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"మీరు తప్పు ఒప్పుకోకండి డాక్టరు గారూ, రంజాను పండక్కి స్నానం చేస్తే మీ గీతలు చెరిగిపోయాయి, చెరిగితే ఇంట్లోనే దిద్దుకోమని మీరే చెప్పారంటూ మళ్లీ గీసింది ఈయనేనండీ."