వెనక గోడ పైపు

హిందూపురం నుంచి కార్లలో వచ్చేవాళ్లు ధర్మవరంలోని ఆ పట్టుచీరల షోరూం ముందు ముక్కు మూసుకునేవారు. పార్కింగ్‌లో వాలు లేకుండా తారు పోశారు. వాననీళ్లు నిలిచి మురిగిపోయేవి, తారు పెచ్చులూడేది.

ఇంజనీరు తనూజ నెల రోజులు ఆ కంపులో నిలబడి, అంతా తవ్వించి, వాలు పెట్టి, వెనక గోడలోంచి పైపు వేయించింది. అవతల కాలువ ఉందని యజమాని చెప్పాడు. ఆమె నమ్మింది.

ఈరోజు కుండపోత వాన. ఇంకా కురుస్తూనే ఉన్నా పార్కింగ్‌లో నీళ్లు నిలవడం లేదు.

షోరూంకు చీరలు నేసే కాలేసాబ్ మోకాళ్లదాకా బురదతో వచ్చాడు.

"చూడన్నా, ఒక్క చుక్కైనా నిలిచిందా?" అంది తనూజ గర్వంగా.

"ఈడ లేదు మేడం. అంతా మా ఇంట్లో ఉండాది."

ఆమె గోడ వెనక్కి పరుగెత్తింది. కాలువే లేదు. పైపు నీళ్లు నేరుగా సందులో పడుతున్నాయి. అక్కడే ఉన్న కాలేసాబ్ ఇంట్లో, కాళ్లు పెట్టి నేసే మగ్గం గుంట నిండా నల్లటి మురుగు. సగం నేసిన పెళ్లిచీర అందులో నానుతోంది.

యజమానికి ఫోన్ చేసింది.

"ఆడ ఉండేది మగ్గాలోళ్లే గదమ్మా. కస్టమర్లు ఆ సందులోకి పోతారా ఏంది?"

తనూజ ఫోన్ పెట్టేసింది.

"పైపు వేసే ముందు ఒక్కసారి ఈ పక్కకొచ్చి చూసింటే బాగుండు మేడం," అన్నాడు కాలేసాబ్ మెల్లగా.

తనూజ ఇసుక బస్తా ఈడ్చుకొచ్చి పైపు నోట్లో కుక్కింది. గోడ అవతల పార్కింగ్‌లో మురుగు మళ్లీ నిలవడం మొదలైంది.