చరణం దగ్గర చిక్కు

"మావయ్యగారూ, తాళం తప్పుతోందండి!"

అనేశాక ఉమాశ్రీ నాలిక్కరుచుకుంది. కోడలు మామగారితో అనదగిన మాటేనా అది? అందులోనూ జుట్టంతా నెరిసేదాకా మృదంగమే లోకంగా బతికిన నరసింహమూర్తి గారితో!

ఆయన మాత్రం కోప్పడలేదు. చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, "అలాగా అమ్మా? ఓసారి ఆ కంప్యూటర్ చూడు. దానికేమైనా వచ్చిందేమో" అన్నారు.

"కంప్యూటర్‌కేం రాలేదు నాన్నగారూ. మీకే వయసొచ్చింది" అన్నాడు కొడుకు శశిభూషణ్, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. చప్పుడు కూడా రికార్డయిపోతుందని ఫ్యాను ఆపి, కిటికీలు మూసుకుని కూర్చున్నారేమో, ధవళేశ్వరం ఎండకి ముగ్గురూ ఉడికిపోతున్నారు. "నా పాట ఎంత చక్కగా వచ్చింది! చరణం దగ్గరికొచ్చేసరికి మృదంగం వెనకబడుతోంది. పెనుగొండలో మొదటిసారి కచేరీ అడిగారు. అక్కడ కచేరీ పెట్టిస్తున్న అప్పాజీ గారు సాయంత్రం మచ్చు సీడీ కోసం వస్తున్నారు. ఇది వింటే నవ్విపోతారు. ఈసారికి మృదంగానికి పక్కన బుల్లిరాజుని కూర్చోబెట్టుకుంటాను. మీరు విశ్రాంతి తీసుకోండి."

పెద్దాయన మృదంగాన్ని నిమురుతూ కూర్చున్నారు. కొడుకు పక్కన తప్ప ఆయన మరెక్కడా వాయించడం మానేసి చాలాకాలమైంది. ఆ చోటు కూడా పోతే ఇక దాన్ని అటక మీద పెట్టడమే. ఉమాశ్రీకి ప్రాణం ఉసూరుమంది.

"ఆగండి. ముందు దీని సంగతి తేల్చనివ్వండి" అంది మొగుడితో.

ఆమె రాజమండ్రిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది. ఇంట్లో ఉన్నది ఒకే మైకు కాబట్టి పద్ధతి కూడా తనే పెట్టింది. హెడ్‌ఫోన్లలో తాళానికి సరిగ్గా టిక్కు టిక్కుమని వినిపిస్తుంటుంది. ముందు శశిభూషణ్ ఆ టిక్కు వింటూ పాడాడు. తర్వాత పెద్దాయన అదే టిక్కు వింటూ వాయించారు. "పాట కూడా వినిపిస్తుంది గానీ దాన్ని పట్టించుకోకండి మావయ్యగారూ, టిక్కు ప్రకారం వాయించండి చాలు" అని మరీ మరీ చెప్పింది. ఆయనా బుద్ధిగా తలూపారు. తీరా రెండూ కలిపి వింటే ఇదీ వరస.

కంప్యూటర్ మీద అనుమానం ఊరికే రాలేదు. పొద్దుట్నుంచీ అది మొరాయిస్తూనే ఉంది. పాట మధ్యలో టపటపమంటుంది, ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. బల్ల కిందకి వంగి చూస్తే ఏముంది! దుమ్ము పడుతుందని తనే కుట్టిన పువ్వుల ముసుగు సీపీయూ పెట్టెకి నిండా కప్పి ఉంది. పెట్టె ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"రామ రామ! ఇంత ఎండలో దుప్పటి కప్పి పని చెయ్యమంటే ఎలా చేస్తుందండీ!"

ముసుగు పీకేసింది. లోపల్లోపల వైరస్‌ల కోసం వెతుక్కుంటున్న ప్రోగ్రామ్‌ని ఆపేసింది. ఇంటర్నెట్ వైరు లాగేసింది. మొగుడు తెరిచి వదిలేసిన పేకాట మూసేసింది.

"అయ్యయ్యో! గెలిచే ఆటే అది!"

"మీకు పాట కావాలా, పేకాట కావాలా?"

ఉమాశ్రీ మైకు ముందు టిక్కుకో చప్పట కొట్టి, రికార్డు చేసి విన్నది. వెంట్రుకవాసి తేడా లేదు. "హమ్మయ్య, కుదిరింది! ఇద్దరూ మళ్లీ మొదట్నుంచీ కానివ్వండి" అంది ఉత్సాహంగా.

మళ్లీ కొడుకు పాడాడు. మళ్లీ తండ్రి వాయించారు. కలిపి విన్నారు. టపటపలు లేవు, తెగడం లేదు, పాట కడిగిన ముత్యంలా ఉంది. చరణం దగ్గర మాత్రం మృదంగం మళ్లీ వెనకే!

"విన్నావా? ఇప్పుడేమంటావ్? కంప్యూటర్ భేషుగ్గా ఉంది. బుల్లిరాజుకి ఫోన్ చేసొస్తా" అంటూ శశిభూషణ్ ముందుగదిలోకి వెళ్లాడు.

ఉమాశ్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అనవసరంగా బాగుచేశాను దీన్ని, అలాగే ఏడుస్తూ ఉంటే నెపం దాని మీదకే పోయేది కదా అనుకుంది.

ఎంత వెనకబడ్డారో చూద్దామని పాటని ఆపి, మృదంగాన్నీ టిక్కునీ మాత్రం కలిపి విన్నది. ఆశ్చర్యం! ఒక్క దెబ్బ అటూ ఇటూ పోలేదు. ఈసారి మృదంగాన్ని ఆపి, పాటనీ టిక్కునీ కలిపింది. పల్లవి బుద్ధిగానే నడిచింది. చరణం రాగానే, రావులపాలెం బస్సు కదిలిపోతున్నట్టు, మొగుడుగారు టిక్కుని వదిలేసి ఒకటే పరుగు!

తలెత్తి చూసింది. పెద్దాయన ముసిముసిగా నవ్వుతున్నారు.

"వాడికి చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, చరణం వస్తే ఆగడు" అన్నారు గొంతు తగ్గించి. "కచేరీలో వాడితోపాటు నేనూ పరిగెడతాను, ఎవరికీ తెలీదు. ఇవాళ నువ్వు టిక్కు ప్రకారం వాయించమన్నావు, వాయించాను."

"మరి చెప్పరేంటండీ!"

"చెబితే చరణం వచ్చినప్పుడల్లా భయపడతాడు. భయపడితే ఇంకేం పాడతాడు తల్లీ?"

ముందుగదిలో ఫోన్ నంబరు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఏవండీ, ఫోన్ పెట్టేయండి!" కేకేసింది ఉమాశ్రీ. "తప్పు కంప్యూటర్‌దేనండి! ఆ టిక్కు పాడైపోయింది, తీసి పారేశాను. మావయ్యగారి పక్కన కూర్చుని, కచేరీలో లాగా ఇద్దరూ కలిసి ఇంకోసారి కానివ్వండి!"