పిల్లల వార్డుకి దారి

"కూర్చోగలరా?" అడిగింది నర్సు.

"కూర్చుంటాను," అంది ఆమె.

ఆపరేషనయి ఇరవయ్యారు గంటలయింది. నిన్న పొద్దున గుడ్డలో చుట్టిన పాప ముఖాన్ని రెప్పపాటు చూపించి, ఊపిరి మరీ వేగంగా తీస్తోందంటూ పిల్లల వార్డుకు తీసుకుపోయారు. అప్పట్నుంచి ఆమెకు దక్కింది భర్త ఫోనులో తీసుకొచ్చిన ఫోటో ఒక్కటే. అందులోనూ సగం, పాపను ఉంచిన గాజుపెట్టె మీది మెరుపే.

పక్క మంచం మీది అమ్మాయికి కాన్పయి ఇది మూడో రోజు. జ్వరం వదలక ఇంకా బిడ్డను చూడలేదు.

"అక్కా, మావాడూ అక్కడే. కిటికీ పక్క పెట్టెలో ఉన్నాడట. కాళ్ళు ఎలా ఉన్నాయో చూసొస్తారా? వాళ్ళ నాన్నవైతే పొడుగ్గా ఉంటాయి."

"చూసొస్తాను."

చక్రాల కుర్చీ తోసుకుంటూ ఆయా వచ్చింది. వరండాలో జనం అడ్డొస్తే నోటితో కూత పెడుతుందని అందరూ ఆమెను రైలమ్మ అంటారు. మంచం దిగేసరికి కడుపులో ఎవరో మెలిపెట్టినట్టయింది. ఒక పక్క నర్సు, ఒక పక్క భర్త పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు.

"మొదటిసారా అమ్మా మా ఆసుపత్రికి?"

"కాన్పుకి మొదటిసారే."

"అయితే గట్టిగా పట్టుకో. దగ్గరనుకునేవు. తల్లులు ఈ చివర, పిల్లలు ఆ చివర, అదీ రెండంతస్తుల పైన. ఈ ఆసుపత్రి ప్లాను గీసిన మహానుభావుడెవరో గాని, ఒక్కసారి వాణ్ణి ఈ కుర్చీలో కూర్చోబెట్టి తిప్పాలని నా కోరిక."

వెనకాల నడుస్తున్న భర్తకు దగ్గొచ్చింది.

నేల మీద రెండు భవనాలు కలిసే చోటల్లా ఇనపపట్టీ ఉంది. చక్రం ఎక్కి దిగినప్పుడల్లా కుట్లు కలుక్కుమన్నాయి. లిఫ్టు దగ్గర భోజనాల బండ్లు ముందున్నాయి. పది నిమిషాలు ఆగారు.

"రోజుకి ఎంతమందిని తీసుకెళ్తావు?" అడిగింది ఆమె.

"ఆరుగురో, ఏడుగురో. ఉన్నవి రెండు కుర్చీలే కదా. మిగిలినవాళ్ళు ఫోటోలు చూసుకుంటూ పడుంటారు. పోయినవారం ఒకావిడ వంతు రాలేదని గోడ పట్టుకుని నడుచుకుంటూ బయల్దేరింది. ఇదిగో, ఇక్కడ కూలబడింది. పాలు మాత్రం పిండుకుని గిన్నెలో పంపిస్తారులే. పాలు చేరతాయి, తల్లే చేరదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"కుట్లు లాగుతున్నాయా అమ్మా?"

"కుట్లు కాదు."

రైలమ్మ ఆ తర్వాత కుర్చీని మెల్లగా తోసింది.

పిల్లల వార్డు నర్సు చేతులు కడిగించి, పాపను తీసి, గౌను లోపల గుండెల మీద పడుకోబెట్టింది. పొద్దుటి నుంచి ఊపిరి కుదురుకుందనీ, ఇంక భయం లేదనీ చెప్పింది. పాప కాసేపు గునిసింది. చెంప అటూ ఇటూ రాసి, తల్లి మెడ కింద చోటు చూసుకుంది. తర్వాత అలిసిపోయిన పెద్దమనిషిలా ఒక నిట్టూర్పు విడిచి నిద్రపోయింది. ఆ బరువు ఎంతని? ఒక పుస్తకమంత ఉండదు. ఇరవయ్యారు గంటలుగా ఆమె ఒంట్లో ఖాళీగా ఉన్నదేదో ఆ కాస్త బరువుతో నిండిపోయింది.

"నీ ముక్కే," అన్నాడు భర్త.

"నిద్ర మాత్రం మీదే," అంది ఆమె. నవ్వితే కుట్లు లాగాయి. అయినా నవ్వింది.

అరగంటయ్యాక పాపను మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టారు. కిటికీ పక్కనున్నవాడి కాళ్ళు చూడటం ఆమె మరిచిపోలేదు.

తిరుగుదారిలో, కాన్పుల వార్డును ఆనుకుని ఉన్న ఒక మూసిన తలుపు దగ్గర ఆపమంది.

"ఇందులో ఏముంది ఇప్పుడు?"

"ఏముంటాయి, విరిగిన మంచాలు, పాత కాగితాలు. ఏళ్ళ తరబడి ఎవరూ తాళం తీయలేదు."

"వీటిని తీయించి, ఈ గోడ కొట్టేస్తే ఎనిమిది పెట్టెలు పడతాయి. పక్కన తల్లులకు కుర్చీలూ పడతాయి. మంచం దిగి నాలుగడుగులేస్తే బిడ్డ."

రైలమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "నీకున్న బుద్ధిలో సగం ఆ గీసినవాడికి ఉంటే నా మోకాళ్ళు మిగిలేవి."

భర్త గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నవ్వాపుకుంటున్నాడని వీపు చూస్తేనే తెలుస్తోంది.

వార్డులోకి రాగానే పక్క మంచం అమ్మాయి మోచేతి మీద లేచింది.

"పొడుగే," అంది ఆమె. "మడమలు పెట్టె అంచుకి తన్నిపెట్టి, ఇల్లు తనదే అన్నట్టు పడుకున్నాడు."

ఆ అమ్మాయి ముఖం విప్పారింది. ఎదురింటివాళ్ళకు చెబుతున్నట్టు గోడకేసి చూస్తూ "నాన్న కాళ్ళే, నాన్న కాళ్ళే" అనుకుంది.

రైలమ్మ దుప్పటి కప్పి, దిండు సర్ది, ఇంకా ఆ గది సంగతే ఆలోచిస్తున్నట్టు నిలబడింది.

"మాట బాగానే ఉంది గాని అమ్మా, మనలాంటివాళ్ళు చెబితే గోడలు కొడతారా? నీ మాట ఎవరు వింటారు?"

"ఈ గోడ సంగతి నేను చెబితే వింటారు."

"ఏం, నువ్వేమన్నా కట్టించావా?"

"కట్టించలేదు, గీశాను."