సేనాధిపతిగారి పథ్యం

“మీ సేనాధిపతిగారు భోజనం ముట్టడం లేదు అల్లుడుగారూ. నా చేతి వంట నచ్చలేదేమో మరి!” అంది ఫోనులో పరాస్కా.

యారెమా ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

అతని పని ఉత్తరాన గనిలో. భార్య జేనియా పని అదే గని వంటశాలలో. విమానం తీసుకెళ్ళి దింపిందంటే మళ్ళీ అది వచ్చేదాకా ఇంటి ముఖం చూసేది లేదు. ఇన్‌వుడ్ ఊళ్ళో ఇంటికీ, అందులోని పాముకీ అత్తగారే దిక్కు.

పాములంటే ఆవిడకెంత ప్రేమో ఊరంతటికీ తెలుసు. చలి మొదలవగానే విషంలేని చారల గార్టర్ పాములు పునాది సందుల్లోంచి నేలమాళిగలోకి దూరతాయి. ఆవిడ చీపురు తిరగేసి స్వాగతం చెబుతుంది.

అలాంటి చేతుల్లో హెట్మన్‌ని పెట్టి వచ్చాడు యారెమా.

హెట్మన్ మామూలు పాము కాదు. మే నెలలో, వెనక పొలంలోని సున్నపురాతి గుంటలో పాములు ఉండచుట్టుకుని పెనుగులాడుతుంటే, ఆ ముద్ద నట్టనడుమ ఉన్నవాణ్ణి, అందరిలోకీ లావైనవాణ్ణి, స్వయంగా ఏరి తెచ్చాడు. “అంతమంది మీద పడ్డా చెక్కుచెదరలేదు. మొనగాడంటే వాడూ!” అని కనబడ్డవాడికల్లా చెప్పాడు. తాతల భాషలో సేనాధిపతి అనే అర్థం వచ్చేలా పేరు కూడా పెట్టాడు.

“ఏం పెట్టారు అత్తయ్యగారూ?”

“మీరు రాజశాసనం చేసినవే. లావాటి వానపాములు. ట్రౌట్ చేప ముక్కలు, ముళ్ళు తీసి. మీ మావగారు బతికినన్నాళ్ళూ ముళ్ళతోనే తిన్నారు, పాపం. పాముగా పుట్టలేదు కదా!”

“ఇంకేమీ పెట్టలేదు కదా?”

“ఫ్రిజ్‌లో మీరు గాలానికి ఎరగా దాచుకున్న చిన్న చేపలున్నాయిగా. అవి పడేయనా?”

“వద్దు! అవి తింటూ పోతే ఒంట్లో బి-వన్ విటమిన్ హరించుకుపోతుంది. గిలగిల కొట్టుకుని చస్తాడు.”

“ఓహో,” అంది ఆవిడ.

ఆ ‘ఓహో’ యారెమాకి నచ్చలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ ఫోను.

“అల్లుడుగారూ, ఎరువు తొట్టెలో ఎర్ర వానపాములున్నాయి. సన్నగా, దారాల్లా, ముచ్చటగా ఉన్నాయి. వాటిని...”

“అవి విషం అత్తయ్యగారూ!”

“ఒక్కటి తిన్నా పోతుందా?”

“ఎందుకడుగుతున్నారు?”

“తెలుసుకుందామని. పోనీ, బజారులో అమ్మే బుల్లి బుల్లి బంగారు చేపలో?”

“అవీ ఎర చేపల్లాంటివే. ప్రాణం తీస్తాయి.”

“అవీ తీస్తాయన్నమాట. మంచిది, గుర్తుపెట్టుకుంటాను. అసలు సంగతేంటంటే...”

“ముందు నేను చెప్పేది వినండి!” అంటూ యారెమా అందుకున్నాడు. చేప ముక్క చల్లగా ఉండకూడదు. ఉప్పు తగలకూడదు. పెట్టెలో మంచినీళ్ళు మార్చాలి. అలా చెబుతూనే ఉన్నాడు. ఆవిడ చెప్పబోయిన సంగతి ఏమిటో అడగడం మరిచిపోయాడు.

“మీ అమ్మ హెట్మన్‌ని చంపేస్తుంది,” అన్నాడు ఫోను పెట్టేసి. “ఏ మందు ఎంత మోతాదో కనుక్కుంటోంది.”

జేనియా గిన్నె తోముతూనే నవ్వింది. “నిన్నే ఇన్నేళ్ళు చంపకుండా ఓర్చుకుంది. పాముని చంపుతుందా?”

ఆ రాత్రి యారెమాకి నిద్ర లేదు. మర్నాడు తనే ఫోను చేశాడు.

“మీ వానపాముల డబ్బా ఖాళీ అయిపోయింది,” అంది పరాస్కా తాపీగా.

“ఖాళీయా? మొన్నటిదాకా ముట్టనివాడు అంత డబ్బా ఎలా తిన్నాడు?”

“ఆకలేసింది కాబోలు. మహారాజులు కదా, ఎప్పుడేం తోస్తుందో! ఇప్పుడు చేప కూడా గోధుమగింజంత ముక్కలు కోసి పెడుతున్నా. నా వేళ్ళు చూస్తే జాలేస్తుంది మీకు.”

అబద్ధం. పచ్చి అబద్ధం. పారబోసి ఉంటుంది. నిలువెత్తు మొనగాడికి గోధుమగింజంత ముక్కలేమిటి? కడుపు మాడ్చి చంపుతోంది!

“ఇంకోటి అల్లుడుగారూ. పెట్టెకి గాలి కంతలు పెట్టారే, అవన్నీ మూసేశాను. ఎందుకంటే...”

ఎందుకో వినడానికి యారెమా అక్కడ లేడు. మేస్త్రీ గదికి పరుగెత్తాడు.

“ఇంట్లో ఒక ప్రాణం పోయేలా ఉందండీ. సెలవు కావాలి.”

మేస్త్రీ టోపీ తీశాడు. “అత్తగారా?”

యారెమా తలవంచుకుని నిలబడ్డాడు. అబద్ధమాడలేదు. నిజమూ చెప్పలేదు.

“పెద్దావిడ. మంచి మనిషి అనుకుంటా,” అన్నాడు మేస్త్రీ.

“మీరు ఎప్పుడూ కలవలేదు లెండి,” అన్నాడు యారెమా. సామాన్లు మోసే విమానంలో చోటు దొరికింది.

ఇంటి తలుపు తోసుకుని దూకుడుగా లోపలికి వచ్చేసరికి, చావుకి దగ్గరలో ఉండాల్సిన పెద్దావిడ వంటింట్లో కళ్ళజోడు పెట్టుకుని ట్రౌట్ చేపని చిత్రవధ చేస్తోంది. బల్ల మీద ఎర చేపల సంచీ లేదు. ఎర్ర వానపాములూ లేవు. మూలన పాము పెట్టె ఉంది. దాని గాలి కంతల మీద పాత దోమతెర గుడ్డ బిగించి కుట్టి ఉంది.

“హంతకురాలా!” అని అరిచాడు యారెమా. అత్తగారి ఎదుట అంత గొంతు అతనికి ఉందని అతనికే తెలియదు. “నా హెట్మన్ ఏడీ? నా మొనగాణ్ణి ఏం చేశారు?” అంటూ పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

పరాస్కా కత్తి కింద పెట్టింది. వేలు పెదవుల మీద ఆనించి, గొంతు బాగా తగ్గించింది.

“మెల్లిగా తీయండి అల్లుడుగారూ, ఇప్పుడే నిద్రపోయారు, మీ సేనాధిపతిగారు ప్రసవించి వారమైంది, తల్లీ, పందొమ్మిది మంది పిల్లలూ క్షేమం!”