మణికట్టు మీది పట్టీ

ఆ పరాయి దేశంలో వీసా ఉండాలంటే బీమా ఉండాలి. బీమా ఉండాలంటే, బీమావాళ్లు గుండె కొట్టుకోవడం చూసేందుకు ప్రతివాళ్ల మణికట్టుకీ కట్టిన పట్టీకి ఏ జబ్బూ కనిపించకూడదు.

ఉల్లిపాయలు తరుగుతున్న భాస్కరరామానికి గుండె పట్టేసినట్టయింది. వెంటనే తన పట్టీ ఊడదీసి, భార్య హైమవతికి ఆమె పట్టీ లేని రెండో చేతికి తొడిగాడు.

"అంబులెన్స్ పిలుస్తానండీ."

"వద్దు. తెలిస్తే మనల్ని పంపించేస్తారు. కాసేపట్లో అదే తగ్గుతుంది."

తగ్గలేదు. ఆయన గోడవారగా కూలబడి, పిలిచినా పలకలేదు. హైమవతి అంబులెన్స్ కోసం బీమావాళ్లకి ఫోన్ చేసింది.

"మీవారి గుండె నిక్షేపంగా కొట్టుకుంటోందమ్మా," అంది బీమా యంత్రం, తీయటి తెలుగులో. "కాస్త కంగారుపడుతున్నారంతే. మంచినీళ్లివ్వండి."

"అది నా గుండె!" అని అరిచి, పట్టీ లాగి ఆయన చేతికి తొడిగింది.

యంత్రం పట్టీని మళ్లీ చదివింది.

"మీవారు పోయారమ్మా. ఆయన బీమా మీదే మీ వీసా కూడా. పదిరోజుల్లో దేశం విడిచి వెళ్లండి."